ఆఫీస్ ఫైల్ సర్వర్‌కి ఏ లినక్స్ పెట్టాలి? నా ఓటు బోర్ కొట్టేదానికే

ఇప్పుడు ఫోన్ కొనే ప్రతివాళ్లూ అడిగే ప్రశ్న ఒకటుంది: "ఎన్నేళ్లు అప్‌డేట్స్ ఇస్తారు?" కొన్నేళ్ల క్రితం దీన్ని ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు. 2023లో పిక్సెల్ 8కి గూగుల్, 2024 మొదట్లో గెలాక్సీ ఎస్24కి శాంసంగ్ ఏడేళ్ల అప్‌డేట్స్ అని మాటిచ్చాక ఇది కూడా ర్యామ్, బ్యాటరీ పక్కన స్పెక్ షీట్‌లో ఒక లైన్ అయిపోయింది. మంచి మార్పే.

విచిత్రం ఏంటంటే, ఇరవై వేల ఫోన్‌కి ఈ ప్రశ్న అడిగే మనమే, పది మంది పని ఆధారపడే ఆఫీస్ ఫైల్ సర్వర్‌కి లినక్స్ ఎంచుకునేటప్పుడు మాత్రం అడగం. కెర్నెల్ లేటెస్టా? డెస్క్‌టాప్ లుక్ ఎలా ఉంది? ఈ మధ్య యూట్యూబ్‌లో ఎవరు దేన్ని పొగిడారు? ఇవి చూసి పెట్టేస్తాం. మన ల్యాప్‌టాప్‌కైతే ఓకే, పాడైతే మనమే కదా తిప్పలు పడేది. ఆఫీస్ సర్వర్ పాడైతే తిప్పలు పడేది వేరేవాళ్లు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. చిన్న ఆఫీస్ ఫైల్ సర్వర్‌కి డిస్ట్రో ఎంచుకునేటప్పుడు చూడాల్సినవి రెండే: ఒకటి క్యాలెండర్, రెండోది ఫోన్ నంబర్. సెక్యూరిటీ అప్‌డేట్స్ ఏ తేదీ వరకు వస్తాయి? ఆగిపోతే ఎవరికి ఫోన్ చేస్తారు? ఈ రెండు ప్రశ్నలతో జల్లెడ పడితే ఎక్కువ ఆఫీసులకి నా దగ్గర మిగిలేది డెబియన్ స్టేబుల్. ఎందుకో వివరంగా చూద్దాం.

అసలు ఈ బాక్స్ చేసే పనేంటి?

చిన్న ఆఫీస్ అంటే నా లెక్కలో ఐదుగురి నుంచి పదిహేను మంది దాకా. ఆడిటర్ ఆఫీసు, ఆర్కిటెక్ట్ ఆఫీసు, ఫ్లెక్సీ ప్రింటింగ్ షాపు, హార్డ్‌వేర్ హోల్‌సేల్ డీలర్... ఇలాంటివి. అందరి దగ్గరా విండోస్ పీసీలే. ఎవరో ఒకరి పీసీలో ఒక ఫోల్డర్ షేర్ చేసి ఉంటుంది. ఆ మనిషి లీవ్ పెట్టి పీసీ ఆఫ్ చేసి వెళ్తే మిగతావాళ్ల పని ఆగిపోతుంది. అప్పుడు పెన్‌డ్రైవ్ టేబుల్ టేబుల్‌కీ తిరుగుతుంది. సాయంత్రానికి ఒకే ఫైలు "ఫైనల్", "ఫైనల్ 2", "ఫైనల్ కొత్తది" అని మూడు పేర్లతో మూడు చోట్ల ఉంటుంది.

మన ఇళ్లల్లో బీటెక్ చేసి సాఫ్ట్‌వేర్‌లో ఉన్నామంటే ప్రింటర్ నుంచి సీసీ కెమెరాల దాకా అన్నీ మన సబ్జెక్టే. "ఒరేయ్, నువ్వు సాఫ్ట్‌వేరే కదా, మా ఆఫీసులో ఆ షేరింగ్ సంగతేదో చూడరా" అని మామయ్యో బాబాయో అంటాడు. అలా చుట్టాలవీ ఫ్రెండ్స్‌వీ కలిపి నేను మూడు ఆఫీసుల్లో ఫైల్ సర్వర్లు పెట్టాను, ఇప్పటికీ చూసుకుంటున్నాను. మూడూ పాత డెస్క్‌టాప్‌లే. రెండేసి కొత్త హార్డ్ డిస్కులు వేసి, మీద లినక్స్ పెట్టి, అందులో సాంబా నడుపుతున్నాను.

సాంబా గురించి ఒక్క ముక్క. విండోస్ పీసీలు ఫైళ్లు పంచుకోవడానికి వాడే ఎస్‌ఎంబీ ప్రోటోకాల్‌ని లినక్స్‌లో పలికించే సాఫ్ట్‌వేర్ ఇది. ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్ 1990ల మొదట్లో మొదలుపెట్టాడు. ఇవాళ ఏ డిస్ట్రో తీసుకున్నా లోపల ఉండేది ఇదే సాంబా. డెబియన్ 13లో 4.22, ఉబుంటు 24.04లో 4.19. స్టాఫ్‌కి ఈ నంబర్లేవీ కనిపించవు. వాళ్లకి కనిపించేది విండోస్‌లో జడ్ డ్రైవ్ అనే ఒక బొమ్మ, అంతే.

స్పీడ్‌లోనూ తేడా ఉండదు. ఆఫీసులో ఉండేది గిగాబిట్ నెట్‌వర్క్. చేతికొచ్చేది సెకనుకి 110 ఎంబీ దగ్గర్లో. మామూలు హార్డ్ డిస్క్ కూడా పెద్ద ఫైళ్ల దగ్గర అంతకంటే వేగంగానే చదువుతుంది. అంటే అడ్డుపడేది కేబులే. దానికి బెంచ్‌మార్కులు చూసి డిస్ట్రో మార్చడం అంటే, 60 హెర్ట్జ్ స్క్రీన్ ఉన్న ఫోన్‌లో 120 ఫ్రేమ్స్ గేమింగ్ గురించి వాదించుకోవడం లాంటిది.

మరి డిస్ట్రోల మధ్య నిజమైన తేడా ఎక్కడుంది? టైమ్‌లో ఉంది.

ఫైలు ఆయుష్షు 8 ఏళ్లు, డిస్ట్రో ఆయుష్షు?

ఆఫీస్ ఫైళ్లు ఎన్నాళ్లు ఉంచాలో చట్టం కూడా చెప్తుంది. కంపెనీల చట్టం ప్రకారం కంపెనీలు తమ ఖాతా పుస్తకాలు 8 ఆర్థిక సంవత్సరాలు దాచాలి. జీఎస్‌టీ కింద రికార్డులైతే, ఆ ఏడాది వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు, అంటే ఆరేళ్లు. ఆర్కిటెక్ట్ డ్రాయింగులకీ పెళ్లి ఫొటో స్టూడియో ఫైళ్లకీ చట్టం గడువు పెట్టకపోయినా, ఐదేళ్ల తర్వాత కస్టమర్ వచ్చి "అప్పటి ఫైలు ఉందా?" అని అడుగుతాడు. లేదంటే పోయేది పరువు.

ఇప్పుడు డిస్ట్రోల తేదీలు చూడండి.

ఫెడోరా: ఒక్కో వెర్షన్‌కి సుమారు 13 నెలలు. ఉబుంటులో ఆరు నెలలకోసారి వచ్చే మామూలు వెర్షన్లు: 9 నెలలు. ఉబుంటు ఎల్‌టీఎస్: 5 ఏళ్లు. డెబియన్: 3 ఏళ్ల పూర్తి సపోర్ట్, మీద ఎల్‌టీఎస్ టీమ్ ఇచ్చే 2 ఏళ్లు, మొత్తం సుమారు 5. 2025 ఆగస్టు 9న వచ్చిన డెబియన్ 13కి ఆ లెక్కన 2030 జూన్ దాకా సెక్యూరిటీ అప్‌డేట్స్ ఉన్నాయి. ఆల్మాలినక్స్, రాకీ లినక్స్: సుమారు 10 ఏళ్లు. ఆల్మాలినక్స్ 9కి 2032 మే దాకా.

ఆర్చ్‌కి వెర్షన్ అనేదే లేదు, రోజూ పారే ఏరు లాంటిది. నా సొంత ల్యాప్‌టాప్‌లో నాకు ఆర్చ్ అంటే చాలా ఇష్టం. అప్‌డేట్ కొట్టేముందు వాళ్ల న్యూస్ పేజీ చదివే అలవాటు ఉన్నవాడికి అది పెద్దగా ఇబ్బంది పెట్టదు. కానీ ఆడిటర్ ఆఫీసులో ఆ న్యూస్ పేజీ ఎవరు చదువుతారు? ఫెడోరాదీ అదే కథ. అది అస్థిరంగా ఉంటుందని నేననను, చాలా బాగుంటుంది. ఏడాదికోసారి సర్వర్‌ని ఆపి కొత్త వెర్షన్‌కి ఎక్కించే మనిషి అక్కడ ఉండడు. అంతే సమస్య.

అంటే మొదటి జల్లెడలోనే సగం డిస్ట్రోలు పోయాయి. మిగిలినవి ఉబుంటు ఎల్‌టీఎస్, ఆల్మా లేదా రాకీ, డెబియన్.

"లోపలి నెట్‌వర్కే కదా, అప్‌డేట్స్ ఎందుకు?"

ఈ మాట నేను చాలామంది ఇంజినీర్ల దగ్గరే విన్నాను. సర్వర్ ఇంటర్నెట్‌కి కనపడదు, రూటర్ వెనకాల ఉంది, ఎవడు వస్తాడు అని. దీనికి జవాబుగా 2017 మే నెల ఒక్కటి చాలు.

ఆ నెల 12న వాన్నాక్రై ర్యాన్సమ్‌వేర్ బయటికొచ్చింది. విండోస్‌లోని పాత ఎస్‌ఎంబీ వెర్షన్ 1లో ఉన్న లోపాన్ని పట్టుకుని, ఒక పీసీ నుంచి పక్క పీసీకి తనంతట తానే పాకింది. బ్రిటన్‌లో ప్రభుత్వ ఆసుపత్రుల పని ఆగింది. మన ఆంధ్రప్రదేశ్‌లోనూ కొన్ని పోలీస్ స్టేషన్ల కంప్యూటర్లకి తగిలిందని అప్పట్లో వార్తలొచ్చాయి. ఆ లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ప్యాచ్ ఇచ్చింది. వేసుకోనివాళ్ల పీసీలు మే నెలలో దొరికిపోయాయి.

"అది విండోస్ కదా" అంటారా? అదే మే 24న సాంబాలో ఒక లోపం బయటపడింది. సాంబాక్రై అని పేరు పడింది. 3.5.0 వెర్షన్ నుంచీ, అంటే 2010 నుంచీ అది లోపల ఉంది. రాసే హక్కు ఉన్న షేర్‌లోకి ఒక ఫైలు వేసి, దాన్ని సర్వర్ చేతే నడిపించొచ్చు. ఆఫీస్ ఫైల్ సర్వర్ అంటేనే అందరూ రాసే షేర్. సపోర్ట్‌లో ఉన్న డిస్ట్రోలకి ప్యాచ్ వెంటనే వచ్చింది. సపోర్ట్ గడువు దాటిపోయిన డిస్ట్రో మీద ఉన్నవాళ్లకి ఆటోమేటిగ్గా రాదు.

రూటర్ వెనకాల ఉన్నా, ఆఫీసులోకి రోజూ పెన్‌డ్రైవ్‌లు వస్తాయి, ఇన్‌వాయిస్ పేరుతో ఈమెయిళ్లు వస్తాయి. ఒక్క పీసీకి అంటుకుంటే చాలు, తర్వాతి మెట్టు ఫైల్ సర్వరే. అందుకే సపోర్ట్ తేదీని మందుల స్ట్రిప్ మీద ఎక్స్‌పైరీ డేట్ లాగా చూడాలంటాను.

తేదీ ఇస్తే సరిపోదు, దాన్ని చించేవాళ్లు ఉండకూడదు

క్యాలెండర్ ఒక్కటే చూస్తే పదేళ్లిచ్చే ఆల్మా, రాకీలే గెలవాలి కదా అని మీకు డౌట్ వచ్చి ఉంటుంది. సరైన డౌటే. ఇక్కడే సెంట్ఓఎస్ కథ గుర్తు చేసుకోవాలి.

మన సీనియర్ల కాలంలో ఆఫీస్ సర్వర్ అంటే సెంట్ఓఎస్. రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్‌కి ఉచిత జిరాక్స్ కాపీ లాంటిది. 2019 సెప్టెంబర్‌లో సెంట్ఓఎస్ 8 వచ్చినప్పుడు 2029 మే దాకా అప్‌డేట్స్ అని లెక్క. ఆ తేదీని నమ్మి సర్వర్లు పెట్టారు. 2020 డిసెంబర్ 8న ఒక ప్రకటన వచ్చింది: సెంట్ఓఎస్ 8కి 2021 డిసెంబర్ 31తో ఆఖరు. పదేళ్లు కాస్తా రెండేళ్లు చిల్లర అయింది. పాత సెంట్ఓఎస్ 7 మాత్రం చెప్పిన తేదీకే, 2024 జూన్ 30న ముగిసింది.

ఇక్కడ ఎవరినీ తిట్టాల్సిన పని లేదు. కంపెనీకి కంపెనీ లెక్కలుంటాయి. ఆ గొడవలోంచే ఆల్మా, రాకీ పుట్టాయి, రెండూ మాట నిలబెట్టుకుంటున్నాయి. కానీ అవి రెండూ ఇంకొకరి ప్రొడక్ట్ వెనకాల నడిచేవి. 2023 జూన్‌లో రెడ్ హ్యాట్ తన సోర్స్ కోడ్ ఇచ్చే పద్ధతి మార్చగానే ఆల్మా తన లక్ష్యాన్నే తిరగరాసుకోవాల్సి వచ్చింది. అచ్చు గుద్దినట్టు కాపీ అన్నది వదిలేసి, ప్రోగ్రామ్‌లు తేడా లేకుండా నడిస్తే చాలు అన్న చోట ఆగింది. బాగానే నడుస్తోంది. అయినా నేను సెలవులో ఊళ్లో ఉన్నప్పుడు ఇలాంటి వార్త చదివి "ఇప్పుడు మనం ఏం చేయాలి?" అని ఆలోచించే పరిస్థితి ఆఫీస్ సర్వర్‌కి వద్దు.

డెబియన్ విషయం వేరు. 1993లో ఇయాన్ మర్డాక్ మొదలుపెట్టిన ఈ ప్రాజెక్ట్‌కి యజమాని కంపెనీ లేదు. రాసుకున్న నియమావళి ఉంది, ప్రాజెక్ట్ లీడర్‌ని డెవలపర్లే ఏటా ఓటేసి ఎన్నుకుంటారు. ఎవరో కొనేసి రేపటి నుంచి రూల్ మారింది అనడం కుదరదు. ఉబుంటు, రాస్ప్‌బెర్రీ పై ఓఎస్, ప్రాక్స్‌మాక్స్, మన సీడాక్ తయారు చేసిన బాస్ లినక్స్... అన్నిటికీ పునాది డెబియనే. పునాది మీదే నేరుగా ఇల్లు కట్టుకోగలిగితే, మధ్యలో ఇంకో అంతస్తు ఎందుకన్నది నా వాదన.

పదేళ్ల గురించి ఇంకో మాట. పదేళ్లు ఎవరూ ముట్టుకోని సర్వర్‌ని పదకొండో ఏడు ముట్టుకునే ధైర్యం ఎవరికీ ఉండదు. పెట్టినవాడు ఏ దేశంలో ఉంటాడో, పాస్‌వర్డ్ ఎవరి డైరీలో ఉంటుందో. డెబియన్ రెండేళ్లకోసారి కొత్త వెర్షన్ ఇస్తుంది. ఉన్నదాని మీదే తర్వాతి వెర్షన్‌కి ఎక్కించే దారి ప్రతిసారీ రిలీజ్ నోట్స్‌లో మెట్టు మెట్టుగా రాసి ఉంటుంది. మధ్యలో ఒక వెర్షన్ ఎగ్గొట్టకూడదు, అదొక్కటే నియమం. నా లెక్క సింపుల్: కొత్త డెబియన్ వచ్చాక తర్వాతి సంక్రాంతికి అప్‌గ్రేడ్. అప్పటికి కొత్త వెర్షన్‌లో తొలి నెలల చిన్నచిన్న లోపాలు సర్దుకుంటాయి, ఆఫీసుకి సెలవులు, నేను ఊళ్లో ఉంటాను. ముందు బ్యాకప్, తర్వాత అప్‌గ్రేడ్, ఒక పూట పని. పెద్ద పని పదేళ్లకోసారి చేయడం కంటే చిన్న పని రెండేళ్లకోసారి చేయడమే తేలిక.

పాత పీసీలకి ఇంకో లాభం

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ముగిసింది. ఇంటెల్‌లో 8వ జనరేషన్‌కి ముందు ప్రాసెసర్లని విండోస్ 11 అధికారికంగా ఒప్పుకోదు. అంటే 3వ, 4వ, 6వ జనరేషన్ డెస్క్‌టాప్‌లు ఎన్నో ఆఫీసుల్లో మూలన పడుతున్నాయి. ఫైల్ సర్వర్‌కి ఇవి బ్రహ్మాండంగా సరిపోతాయి. 4 జీబీ ర్యామ్ ఉన్నా డెస్క్‌టాప్ లేని డెబియన్ హాయిగా నడుస్తుంది.

ఇక్కడ ఒక చిక్కుంది. రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 10, దాని దారిలో రాకీ 10, ఎక్స్86-64-వీ3 స్థాయి ప్రాసెసర్ కావాలంటాయి. తేలిగ్గా చెప్పాలంటే ఏవీఎక్స్2 ఉండాలి. 2వ, 3వ జనరేషన్ కోర్ ఐ3, ఐ5లలో అది లేదు. 4వ జనరేషన్‌లో కూడా పెంటియమ్, సెలెరాన్‌లకి లేదు. ఆల్మా 10 మాత్రం పాత ప్రాసెసర్లకి విడిగా ఒక బిల్డ్ ఇస్తోంది, మెచ్చుకోవాలి. డెబియన్ 13లో 64 బిట్ ప్రాసెసర్ అయితే చాలు. 32 బిట్ పీసీ మీద మాత్రం ఇక ఇన్‌స్టాల్ చేయలేరు.

మరి ఉబుంటు, ట్రూనాస్, విండోస్?

ఉబుంటు ఎల్‌టీఎస్ పెడతానంటే నేను వాదించను. సాంబా ఉబుంటు మెయిన్ రిపాజిటరీలోనే ఉంది కాబట్టి ఐదేళ్లూ ప్యాచ్‌లు వస్తాయి. ఉబుంటు ప్రోని ఐదు మెషీన్ల దాకా ఉచితంగా తీసుకోవచ్చు, దాంతో పదేళ్లు. ఊళ్లో సర్వీస్ చేసే అబ్బాయికి ఉబుంటు మాత్రమే తెలిస్తే, అదే సరైన జవాబు కూడా. నాకు నచ్చనిది ఒకటే: ఆ అదనపు ఐదేళ్లు ఒక అకౌంట్‌కి, ఒక టోకెన్‌కి ముడిపడి ఉన్నాయి. ఆ అకౌంట్ ఎవరి ఈమెయిల్‌తో తీశారో, ఆ మనిషి ఆఫీస్ మారాక ఏమవుతుందో చూసుకోవాలి.

ట్రూనాస్ చాలా మంచిది. జెడ్‌ఎఫ్‌ఎస్ స్నాప్‌షాట్లు, అందమైన వెబ్ పేజీ. కాకపోతే వాళ్లు చెప్పే కనీస ర్యామే 8 జీబీ, ఓఎస్‌కి విడిగా ఒక డిస్క్ కావాలి. కొత్త మెషీన్ కొనే బడ్జెట్ ఉంటే చూడొచ్చు. ఆఫీసులో ఎవరో ఒకరు బ్రౌజర్‌లోంచే యూజర్లని చేర్చాలి, తీసేయాలి అంటే ఓపెన్ మీడియా వాల్ట్ చూడండి. అది డెబియన్ మీదే కట్టింది, పాత పీసీ మీద కూడా నడుస్తుంది. నా రెండో ఓటు దానికే.

విండోస్ 10, 11 ప్రో పీసీనే సర్వర్‌గా వాడితే? లైసెన్స్ ప్రకారం ఒకేసారి 20 డివైజ్‌ల దాకా కనెక్ట్ కావచ్చు. చిన్న ఆఫీసుకి సరిపోతుంది కానీ, ఆ పీసీ మీద ఎవరో కూర్చుని బ్రౌజర్ తెరుస్తారు, దాంతోనే మొదలవుతుంది కథ. ఇంకో ముఖ్యమైన విషయం: టాలీ లాంటి మల్టీ యూజర్ అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ లైవ్ డేటాని సాంబా షేర్ మీద పెట్టే ముందు ఆ సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్లని అడగండి. నేనైతే ఆ డేటాని దాని విండోస్ పీసీలోనే ఉంచి, రోజూ రాత్రి కాపీ మాత్రం ఫైల్ సర్వర్‌లోకి తెస్తాను.

ఆఫీసులో గానీ చుట్టుపక్కల గానీ లినక్స్ తెలిసినవాళ్లే లేరు, మీరు కూడా అందుబాటులో ఉండరు అంటే, రెడీమేడ్ నాస్ బాక్స్ కొనిపించండి. డబ్బు ఎక్కువే. కానీ చూసే దిక్కు లేని డెబియన్ కంటే సర్వీస్ సెంటర్ ఉన్న నాస్ మేలు.

ఏ డిస్ట్రో పెట్టినా మీరే చూసుకోవాల్సినవి

1. ఆటోమేటిక్ సెక్యూరిటీ అప్‌డేట్స్. డెబియన్‌లో అన్‌అటెండెడ్ అప్‌గ్రేడ్స్ ప్యాకేజీ వేసి ఆన్ చేయండి. వెర్షన్ నంబర్ పాతదే కనిపిస్తుంది, కంగారు పడొద్దు. ప్యాచ్‌ని పాత వెర్షన్‌లోకే తెచ్చి అతికిస్తారు, అందుకే ఏదీ హఠాత్తుగా మారదు.

2. ప్రతి మనిషికీ ఒక యూజర్, ఒక పాస్‌వర్డ్. "అందరికీ గెస్ట్ ఓపెన్" అనే షార్ట్‌కట్ ఇక పనిచేయదు. విండోస్ 11 24హెచ్2 నుంచి ప్రో ఎడిషన్‌లో కూడా గెస్ట్ లాగిన్ డిఫాల్ట్‌గా ఆపేశారు, ఎస్‌ఎంబీ సైనింగ్ తప్పనిసరి చేశారు. కొత్త ల్యాప్‌టాప్ కొనగానే "జడ్ డ్రైవ్ రావట్లేదు" అని ఫోన్ వస్తే ముందు చూడాల్సింది ఇదే.

3. తెలుగు ఫైల్ పేర్లు. సాంబాలో తెలుగు పేర్లు చక్కగా కనిపిస్తాయి. కానీ లినక్స్‌లో ఫైల్ పేరుకి హద్దు 255 బైట్లు. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరానికీ, గుణింతం గుర్తుకీ ఒక్కోదానికి 3 బైట్లు పడతాయి. అంటే అన్నీ కలిపి 85 దాటకూడదు. విండోస్‌లో ఉన్న పొడుగాటి తెలుగు పేరు సర్వర్‌కి కాపీ కాకపోతే కారణం ఇదే. ఏ డిస్ట్రోలోనైనా ఇంతే.

4. బ్యాకప్. రెండు డిస్కుల రెయిడ్ 1 ఉంటే బ్యాకప్ ఉన్నట్టు కాదు. ఒక డిస్క్ చచ్చిపోతే అది కాపాడుతుంది. ఎవరో ఫోల్డర్ డిలీట్ చేస్తే రెండు డిస్కుల్లోనూ ఒకేసారి పోతుంది. స్టాఫ్ పీసీకి ర్యాన్సమ్‌వేర్ తగిలితే, సర్వర్ ఎంత అప్‌డేటెడ్‌గా ఉన్నా జడ్ డ్రైవ్‌లో ఫైళ్లన్నీ లాక్ అయిపోతాయి, ఎందుకంటే ఆ పీసీకి అక్కడ రాసే హక్కు ఉంది. అందుకే షేర్‌లో కనిపించని డిస్క్‌లోకి రోజూ రాత్రి పాత వెర్షన్లతో సహా కాపీ పడాలి. ఆర్‌సింక్, బోర్గ్ లాంటి టూల్స్ ఉన్నాయి. వారానికోసారి ఇంకో డిస్క్ ఆఫీస్ దాటి ఇంటికి వెళ్లాలి. కంపెనీల విషయంలో ఎలక్ట్రానిక్ ఖాతాల బ్యాకప్ రోజూ ఇండియాలోని సర్వర్‌లో ఉండాలని 2022లో నిబంధన కూడా మార్చారు. నెలకోసారి ఒక ఫైల్ వెనక్కి తెచ్చి తెరిచి చూడండి. తెరుచుకుంటేనే అది బ్యాకప్.

5. కరెంటు. యూపీఎస్ పెట్టి, దాని యూఎస్‌బీ కేబుల్‌ని సర్వర్‌కి కలపండి. బ్యాటరీ అయిపోయేలోపు సర్వర్ తనే ఆగేలా నట్ అనే టూల్ చూసుకుంటుంది. బయోస్‌లో కరెంటు రాగానే ఆన్ అయ్యే ఆప్షన్ పెట్టండి. ఎండాకాలం మధ్యాహ్నాల్లో దీని విలువ తెలుస్తుంది.

ఫోన్ ఎవరు ఎత్తుతారు?

రెండో ప్రశ్నకి వద్దాం. మనం బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో స్టాండప్ మీటింగ్‌లో ఉంటాం. అక్కడ రిటర్న్స్ ఆఖరి తేదీ. "ఒరేయ్, జడ్ డ్రైవ్ ఎర్ర గుర్తు చూపిస్తోందిరా" అని ఫోన్. ఆ నిమిషంలో మీరు పెట్టిన డిస్ట్రో ఎంత గొప్పదన్నది ఎవరికీ అక్కర్లేదు. మీ ఫోన్ కలవకపోతే వాళ్లు ఇంకెవరిని పిలవగలరన్నదే ముఖ్యం.

ఇది డెబియన్‌కి నేను ఓటేయడానికి ఉన్న ఆఖరి కారణం. ఉబుంటు తెలిసిన ఏ కుర్రాడైనా డెబియన్ ముందు కూర్చోగలడు. అవే కమాండ్లు, అవే ఫోల్డర్లు. ఐదేళ్ల క్రితం రాసిన గైడ్ ఇవాళ కూడా చాలా వరకు పనిచేస్తుంది, ఎందుకంటే ఇందులో ఏదీ తొందరపడి మారదు. రివ్యూల్లో మనం "కొత్తగా ఏమీ లేదు" అని మార్కులు తగ్గిస్తాం కదా, ఇక్కడ అదే ఫుల్ మార్క్స్ తెచ్చే పాయింట్.

అది కూడా కాగితం మీద ఉంటేనే పనికొస్తుంది. ఒక ఏ4 షీట్ మీద తెలుగులో ఇవన్నీ రాయండి: సర్వర్ ఐపీ అడ్రస్, డిస్ట్రో పేరు, వెర్షన్, సపోర్ట్ ముగిసే నెల, డిస్కులు కొన్న తేదీ, బ్యాకప్ ఎక్కడుంది, ఫైల్ వెనక్కి ఎలా తేవాలి, ఇద్దరి ఫోన్ నంబర్లు. ఇద్దరివి, ఒక్కరిది కాదు. ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి క్యాబినెట్‌కి అతికించండి. రూట్ పాస్‌వర్డ్‌ని మాత్రం కవర్‌లో సీల్ చేసి యజమాని బీరువాలో పెట్టించండి. నేను పెట్టిన మూడు చోట్లా ఇదే చేశాను. పోయినేడాది ఒక ఆఫీసులో డిస్క్ ఒకటి పోతే, నా ఫోన్ కలవకముందే పక్క వీధి సర్వీస్ అబ్బాయి ఆ కాగితం చూసి కొత్త డిస్క్ మార్చేశాడు. నాకు తెలిసింది సాయంత్రం.

కాబట్టి ఈసారి ఎవరైనా "ఏ లినక్స్ పెట్టమంటావ్?" అని అడిగితే, జవాబు చెప్పే ముందు మీరే రెండు ప్రశ్నలు అడగండి: ఎన్నేళ్లు నడవాలి, నేను లేనప్పుడు ఎవరు చూస్తారు? వాళ్ల దగ్గర సమాధానాలు ఉంటే డిస్ట్రో తేల్చడానికి ఐదు నిమిషాలు చాలు. మీ ల్యాప్‌టాప్‌లో ఆర్చ్ పెట్టుకోండి, ఫెడోరా పెట్టుకోండి, వారానికో డిస్ట్రో మార్చండి, అందులో ఉన్న మజా నాకూ తెలుసు. పది మంది జీతాలు నడిచే బాక్స్‌లో మాత్రం డెబియన్ పెట్టి, షీట్ అతికించి, దాని సంగతి మర్చిపోండి. సంక్రాంతికి గుర్తు చేసుకుంటే చాలు.